బహ్రెయిన్ నుంచి యూరప్ రైలెక్కేవారికి: తరచూ అడిగే ప్రశ్నలు

బహ్రెయిన్‌లో రైలు లేదు. మెట్రో వస్తుందని, గల్ఫ్ దేశాలను కలుపుతూ పట్టాలు వేస్తారని ఏళ్లుగా వింటున్నాం. ఇవాళ్టికి మాత్రం ఈ దీవిలో ఎక్కడానికి రైలూ లేదు, అడగడానికి కౌంటరూ లేదు. అందుకే జులై, ఆగస్టు సెలవుల్లో యూరప్ వెళ్దామనుకునే తెలుగు కుటుంబానికి ట్రావెల్ ఏజెంటు మాటో, పోయినేడు వెళ్లొచ్చిన స్నేహితుల మాటో ఆధారమవుతుంది. వాళ్లు చెప్పింది వాళ్ల పాస్‌పోర్టుకు, వాళ్ల దారికి, ఆ ఏటి నియమాలకు సరిపోయి ఉంటుంది. మీకూ సరిపోతుందని నమ్మడానికి లేదు. ఈ జవాబులు బహ్రెయిన్‌లో నివాస పర్మిట్‌తో ఉంటున్న భారత పాస్‌పోర్టుదారుల కోసం. పాస్‌ల ధరలు తరచూ మారతాయి కనుక ధరలకు బదులు లెక్క వేసుకునే పద్ధతి చెప్తాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. యూరప్ ప్రయాణంలో రైలు పాస్ కొనడం చివర చేయాల్సిన పని. చాలామంది దాన్నే మొదట చేస్తున్నారు.

యూరేల్, ఇంటర్‌రేల్ అని రెండు పాస్‌లు కనిపిస్తున్నాయి. మేం ఏది కొనాలి?

యూరేల్. మీరు ఏ దేశ పౌరులన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఎక్కడ నివసిస్తున్నారన్నదే చూస్తారు. యూరప్‌లో ఉంటున్నవారికి 1972లో మొదలైన ఇంటర్‌రేల్. బయటి నుంచి వచ్చేవారికి 1959 నుంచీ ఉన్న యూరేల్. జర్మనీలో స్థిరపడిన మీ తమ్ముడు మీతో కలిసి తిరగాలనుకుంటే, ఆయనదీ భారత పాస్‌పోర్టే అయినా ఇంటర్‌రేల్ తీసుకోవాలి. రెండింటి గ్లోబల్ పాసూ 33 దేశాల్లో చెల్లుతుంది.

వీసా ముందా, పాస్ ముందా?

వీసానే ముందు. మొబైల్ పాస్ కొన్న వెంటనే ఫోన్‌లోకి వచ్చేస్తుంది. కనుక వీసా చేతికొచ్చాక కొన్నా ఆలస్యం కాదు. తొందరపడి డిస్కౌంట్‌లో కొన్న పాస్‌కు, వీసా రాకపోతే డబ్బు వెనక్కి రాకపోవచ్చు. కొనే ముందు ఆ పాస్ రద్దు షరతులు చదవండి.

యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు మీరు చట్టబద్ధంగా నివసిస్తున్న చోటి నుంచే దరఖాస్తు చేయాలి. అంటే ఇందుకోసం హైదరాబాద్ వెళ్లాల్సిన పని లేదు, బహ్రెయిన్ నుంచే చేయవచ్చు. ఏ దేశానికి చేయాలన్నదానికి నియమం స్పష్టంగా ఉంది: ఎక్కువ రోజులు ఎక్కడుంటే ఆ దేశానికి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఇటలీలో ఐదు రాత్రులు, ఫ్రాన్స్‌లో మూడు రాత్రులు పెట్టుకుని, అపాయింట్‌మెంట్ తొందరగా దొరికిందని ఫ్రాన్స్‌కు దరఖాస్తు పెట్టడం తప్పు. అన్ని షెంగెన్ దేశాలకూ మనామాలో ఎంబసీ లేదు. మీరు వెళ్లే దేశం తరఫున ఇక్కడ ఎవరు దరఖాస్తులు తీసుకుంటారో ముందు కనుక్కోండి. ఏ ఊళ్లో ఎన్ని రాత్రులన్నది తేలితేగాని వీసా దారి తేలదు కాబట్టి, రైలు ప్రణాళిక కూడా అక్కడే మొదలవుతుంది.

దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు ఇవ్వవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజులు పట్టవచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది కనుక ఏప్రిల్‌లోనే పని మొదలుపెట్టండి. రుసుము 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. ఆరేళ్లలోపు వారికి లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలైనా పాస్‌పోర్టు చెల్లాలి. బహ్రెయిన్ నివాస పర్మిట్ గడువు దగ్గరపడి ఉంటే, అది రెన్యువల్ అయ్యాకే దరఖాస్తు చేయడం మేలు.

మా ఆఫీసులో బహ్రెయినీ సహోద్యోగికి ఐదేళ్ల వీసా వచ్చింది. ఇండియాలో ఉన్న మా బావగారికి రెండేళ్లది వచ్చింది. మాకూ వస్తుందా?

ఇక్కడ ఉంటున్న తెలుగువాళ్లు రెండు వెసులుబాట్ల మధ్య మిగిలిపోయారు. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ రెండు నిర్ణయాలు తీసుకుంది. ఒకటి బహ్రెయిన్, ఒమన్, సౌదీ పౌరులకు ఐదేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇవ్వడం గురించి. రెండోది భారతీయులకు రెండేళ్ల వీసా, ఆ తర్వాత ఐదేళ్లది ఇవ్వడం గురించి. అయితే రెండోది ఇండియాలో నివసిస్తూ అక్కడే దరఖాస్తు చేసే భారతీయులకు ఉద్దేశించింది. బహ్రెయిన్‌లో ఉండే భారతీయులు మొదటి దాంట్లో లేరు, రెండో దాంట్లోనూ లేరు.

మీకు వర్తించేది అందరికీ ఉన్న సాధారణ నియమం. గత రెండేళ్లలో మూడు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడినవారికి ఏడాది మల్టిపుల్ ఎంట్రీ, దాన్ని సరిగా వాడాక రెండేళ్లది, ఆపైన ఐదేళ్లది. మొదటిసారి వెళ్లేవారికి ప్రయాణ రోజుల వరకే వీసా రావచ్చు. అది చూసి నిరాశపడకండి, అన్యాయం జరిగిందనీ అనుకోకండి. పాత పాస్‌పోర్టుల్లో వీసాలుంటే మాత్రం వాటి కాపీలు తప్పకుండా జతచేయండి.

యూరేల్ పాస్‌లో లండన్ కూడా ఉంది. షెంగెన్ వీసాతో వెళ్లవచ్చా?

కుదరదు. పాస్ చెల్లే దేశాల పట్టిక వేరు, వీసా చెల్లే దేశాల పట్టిక వేరు. బ్రిటన్, ఐర్లండ్, తుర్కియే, సెర్బియా వంటివి పాస్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు. బహ్రెయినీలకు బ్రిటన్ వెళ్లడానికి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి చాలు. మీకు బ్రిటన్ వీసా కావాలి. పారిస్‌లో యూరోస్టార్ ఎక్కేముందే గార్ దు నోర్ స్టేషన్‌లో బ్రిటన్ అధికారులు తనిఖీ చేస్తారు, అక్కడే ఆపేస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పారిస్ నుంచి లండన్ వెళ్లి మళ్లీ బ్రస్సెల్స్ రావాలంటే మీ షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీ అయితే సరిపోదు. బయటికి వెళ్లినప్పుడే ఆ ఎంట్రీ అయిపోతుంది.

ఈటియాస్ అనే అనుమతి గురించి కూడా కొందరు అడుగుతున్నారు. అది వీసా అక్కర్లేని దేశాలవారికి. వీసాతో వెళ్లే మీకు అది అవసరం లేదు. ఎవరైనా దాని పేరుతో మీ దగ్గర డబ్బు అడిగితే ఇవ్వకండి.

అసలు పాస్ లాభమా, విడి టికెట్లు లాభమా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే. మన దేశంలో రైలు టికెట్ ధర చాలావరకు దూరాన్ని బట్టి ఉంటుంది. యూరప్‌లో దూరప్రయాణపు రైళ్లకు విమానాల పద్ధతి: మూడు నెలల ముందు కొంటే చాలా తక్కువ, ఆ రోజే కొంటే దానికి మూడు నాలుగు రెట్లు. పాస్‌ను ఈ రెండింటిలో దేనితో పోలుస్తున్నారన్నదే అసలు విషయం. పాస్ అమ్మేవారు చివరి నిమిషపు ధరతో పోలుస్తారు. మీరు ముందస్తు ధరతో పోల్చండి.

ముందు ఊళ్లు, రాత్రులు కాగితం మీద రాసుకోండి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే రోజులు ఎన్నో లెక్కపెట్టండి. పాస్ ధరను ఆ రోజులతో భాగించి, దానికి ఆ రోజు కట్టాల్సిన రిజర్వేషన్ రుసుము కలపండి. అదే రైలుకు విడి టికెట్ ఎంతుందో ఆ రైల్వే సొంత సైటులో చూసి పక్కన రాయండి. ఒక రోజుకు పాస్ 65 యూరోలు పడిందనుకుందాం. పారిస్ నుంచి జ్యూరిక్ వెళ్లే టీజీవీ లిరియాకు రిజర్వేషన్ మరో 30 అనుకుందాం. మొత్తం 95. అదే రైలుకు ముందస్తు టికెట్ 60కి దొరికితే పాస్‌తో నష్టమే.

బహ్రెయిన్ కుటుంబాలు ఎక్కువగా ఎంచుకునే దారి పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ. పది రోజుల్లో దేశం మారే పెద్ద రైలు ప్రయాణాలు రెండో మూడో ఉంటాయి. అన్నీ రిజర్వేషన్ తప్పనిసరైన రైళ్లే. సెలవు తేదీలు ముందే ఖాయమైతే ఈ దారికి గ్లోబల్ పాస్ వద్దనే నా సలహా. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి మ్యూనిక్, సాల్జ్‌బర్గ్, వియన్నా, ప్రాగ్, డ్రెస్డెన్, బెర్లిన్ అంటూ తిరిగేవారి సంగతి వేరు. అక్కడ చాలా రైళ్లకు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. పొద్దున లేచాక వాన పడుతుంటే ఊరు మార్చుకోవచ్చు. పాస్ విలువ అలాంటి స్వేచ్ఛలోనే ఉంది. కంపెనీ సెలవు చివరి వారంలోగాని ఖాయం చేయదంటే కూడా పాస్ మంచిది, ఎందుకంటే అప్పటికి చవక టికెట్లు అయిపోయి ఉంటాయి.

జర్మనీలోనే ఉంటూ చుట్టుపక్కల తిరిగేవారు డాయిష్‌లాండ్ టికెట్‌నూ చూడండి. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. దేశమంతా లోకల్, ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, మెట్రోలు ఎక్కవచ్చు. ఐసీఈ వంటి వేగపు రైళ్లు ఎక్కకూడదు. అది చందా పద్ధతి, మీరు రద్దు చేయకపోతే వచ్చే నెలా డబ్బు కట్ అవుతుంది. ఆ నెల పదో తేదీలోపే రద్దు చెప్పాలి.

పాస్ ఉంటే ఏ రైలైనా ఎక్కవచ్చా?

లేదు. ఫ్రాన్స్ టీజీవీ, యూరోస్టార్, ఇటలీ ఫ్రెచ్చారోస్సా, స్పెయిన్ ఏవీఈ, రాత్రి రైళ్లు, వీటికి పాస్‌తో పాటు సీటో బెర్తో విడిగా డబ్బు కట్టి తీసుకోవాలి. యూరోస్టార్, టీజీవీల్లో పాస్‌దారులకు కేటాయించే సీట్లు పరిమితం. వేసవిలో ముందే నిండిపోతాయి. రైల్లో ఖాళీ కనిపిస్తున్నా పాస్‌వాళ్లకు సీటు లేదంటారు. ఇటలీలో ఇటాలో రైళ్లు, ఫ్రాన్స్‌లో విగో అనే చవక రైళ్లు అసలు పాస్‌లో లేవు.

పాస్‌లో ‘ప్రయాణ రోజు’ అంటే అర్ధరాత్రి 12 నుంచి మర్నాటి అర్ధరాత్రి దాకా. ఆ రోజు ఎన్ని రైళ్లు మారినా ఒక్క రోజే ఖర్చవుతుంది. రాత్రి పది గంటలకు ఎక్కి పొద్దున ఏడింటికి దిగే డైరెక్ట్ రైలుకు ఎక్కిన రోజే లెక్క. దిగాక ఇంకో రైలెక్కితే మాత్రం రెండో రోజు కూడా పోతుంది.

స్విట్జర్లాండ్‌కు విడిగా పాస్ కావాలా?

మూడు నాలుగు రోజులు అక్కడే ఉంటే విడి పాస్ చూడటమే మంచిది. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది. రైళ్లతో పాటు సరస్సుల్లో పడవలు, పోస్ట్ బస్సులు, ఊళ్లలో ట్రాములు, 500కు పైగా మ్యూజియంలు అందులోనే. రిగి, స్టాన్సర్‌హార్న్ కొండలు కూడా ఉచితం. మనవాళ్లందరూ వెళ్లాలనుకునే యుంగ్‌ఫ్రావ్‌యోక్ మాత్రం ఉచితం కాదు, 25 శాతం తగ్గింపే. టిట్లిస్‌కు సగం. ఒకేచోట బస చేసి రెండు పెద్ద కొండలు మాత్రమే ఎక్కేవారికి హాఫ్ ఫేర్ కార్డు లాభం కావచ్చు. నెలపాటు చాలా టికెట్లపై సగం ధర, యుంగ్‌ఫ్రావ్‌కూ సగమే.

పిల్లలున్నవారు స్విస్ ఫ్యామిలీ కార్డు అడగడం మరచిపోకండి. దానికి డబ్బు లేదు. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు తల్లిదండ్రుల్లో ఒకరితో ఉంటే ఉచితంగా తిరుగుతారు. అడగనివారికి అది రాకుండా పోతుంది, నలుగురి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. ఏ పాస్ ఉన్నా గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు రిజర్వేషన్‌కు విడిగా కట్టాలి.

యూరేల్‌లో పిల్లలకు, పెద్దవాళ్లకు రాయితీ ఉందా?

నాలుగేళ్లలోపు పిల్లలకు పాస్ అక్కర్లేదు. 4 నుంచి 11 ఏళ్లవారికి ఉచిత పాస్ ఉంది, పెద్దవారు ఒక్కరికి ఇద్దరు పిల్లల చొప్పున. ఉచితమే అయినా ఆ పాస్ తీసుకుని ఉండాలి. 12 నుంచి 27 ఏళ్లవారికి యువత ధర, 60 దాటినవారికి పది శాతం తగ్గింపు. ఊరి నుంచి అమ్మానాన్నలను కూడా తీసుకెళ్తుంటే వాళ్ల వీసా ఇండియా నుంచి చేయాలి. పైన చెప్పిన రెండేళ్ల, ఐదేళ్ల వెసులుబాటు వాళ్లకు వర్తించేదే.

ఫోన్‌లో పాస్ చూపిస్తే చాలా? టీసీ ఏం అడుగుతాడు?

పాస్‌తో పాటు పాస్‌పోర్టు అడగవచ్చు. బహ్రెయిన్ గుర్తింపు కార్డు సీపీఆర్ అక్కడ పనికిరాదు. పాస్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు గడిలో ఏముంది, సొంత పేరు గడిలో ఏముందన్నది మన పాస్‌పోర్టుల్లో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. సీపీఆర్ మీద, బ్యాంకు కార్డు మీద ఎలా ఉందని చూడకుండా పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని నింపండి. ఒకరి పాస్ ఇంకొకరు వాడకూడదు, భార్యాభర్తలైనా సరే.

ఇంకో నియమం చాలామందికి జరిమానా తెచ్చిపెడుతోంది. పాస్‌ను యాక్టివేట్ చేసి, ఎక్కబోయే రైలును యాప్‌లో చేర్చి, ఆ రోజు టికెట్ కోడ్ తెరిచాకే రైలెక్కాలి. రైలు కదిలాక, టీసీ వస్తున్నాడని చూసి చేస్తే టికెట్ లేని ప్రయాణంగా లెక్కవేయవచ్చు. యాప్‌కు మూడు రోజులకొకసారైనా ఇంటర్నెట్ అందాలి. బహ్రెయిన్ సిమ్ రోమింగ్ మీదే ఆధారపడకుండా యూరప్ ఈ-సిమ్ ఒకటి పెట్టుకోండి. ఇటలీలో ప్రాంతీయ రైళ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు మిషన్‌లో ముద్ర వేయించాలి.

షెంగెన్ లోపల సరిహద్దులు లేవు గదా అని పాస్‌పోర్టు హోటల్లో పెట్టి వెళ్లకండి. జర్మనీ 2024 సెప్టెంబర్ నుంచి తన భూ సరిహద్దులన్నింటా తనిఖీలు పెట్టింది. రైళ్లలోకి పోలీసులు వచ్చి అడుగుతారు.

రైలు ఆలస్యమైతే విదేశీయులమైన మాకు పరిహారం వస్తుందా?

వస్తుంది. చాలామంది తెలుగువాళ్లు తమకు లేదనుకుని వదిలేసే హక్కు ఇది. 2023 జూన్ 7 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ రైలు ప్రయాణికుల హక్కుల నిబంధన 2021/782 టికెట్ కొన్న ప్రయాణికుడి గురించి మాట్లాడుతుంది, పాస్‌పోర్టు గురించి కాదు. గమ్యం చేరడం 60 నిమిషాల నుంచి 119 నిమిషాల వరకు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు, ఆపైన అయితే 50 శాతం ఇవ్వాలి. మీరు కోరితే కూపన్లుగా కాదు, డబ్బుగా ఇవ్వాలి. దరఖాస్తు అందిన నెలలోపు చెల్లించాలి. బాగా చిన్న మొత్తాలకు మినహాయింపు ఉంది, కొన్ని దేశాల్లో లోకల్ రైళ్లకూ ఉంది.

తీవ్రమైన వాతావరణం, పట్టాల మీదికి ఎవరో రావడం వంటి కారణాలకు పరిహారం ఇవ్వనక్కర్లేదు. రైల్వే సిబ్బంది సమ్మెను మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు. సమ్మె కాబట్టి ఏమీ రాదని కౌంటర్లో అన్నా దరఖాస్తు పెట్టండి.

పరిహారం కన్నా ఆ క్షణంలో ముఖ్యమైనది వేరే ఉంది. గంటకు పైగా ఆలస్యం తప్పదని తేలితే మీకు ఎంచుకునే హక్కు వస్తుంది: ప్రయాణం మానుకుని డబ్బు వెనక్కి తీసుకోవడం, లేదా వేరే రైలులో, వేరే దారిలో, వేరే రోజు వెళ్లడం. ఎదురుచూసే సమయంలో వీలైనచోట తిండి, నీళ్లు ఇవ్వాలి. రాత్రి ఉండాల్సివస్తే బస చూపాలి. రైలు బయల్దేరాల్సిన సమయం నుంచి 100 నిమిషాల్లో ప్రత్యామ్నాయం ఏమిటో చెప్పకపోతే మీరే వేరే రైలో బస్సో చూసుకుని వెళ్లి, ఆ న్యాయమైన ఖర్చు రాబట్టుకోవచ్చు. టాక్సీ అందులో లేదు. రసీదులన్నీ ఉంచుకోండి, ఆలస్యం చూపిస్తున్న బోర్డును ఫోటో తీయండి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంది కనుక బహ్రెయిన్ తిరిగొచ్చాక కూడా చేయవచ్చు.

స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేకపోయినా 2021 నుంచి అక్కడా ఇదే 25, 50 శాతం పద్ధతి. బ్రిటన్‌లో డిలే రిపే పేరుతో చాలా కంపెనీలు 15 నిమిషాల ఆలస్యం నుంచే ఇస్తున్నాయి. పాస్ మీద వెళ్లేవారు ఆ రైల్వేకు కాకుండా యూరేల్‌కు దరఖాస్తు పెట్టాలి. పాస్ విలువలో ఆ రోజు వాటాను బట్టి లెక్కిస్తారు కనుక మొత్తం తక్కువగా ఉంటుంది.

మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే?

రెండు రైళ్లకూ కలిపి ఒకే కంపెనీ దగ్గర, ఒకే కొనుగోలులో టికెట్ తీసుకుంటే గమ్యం దాకా బాధ్యత వాళ్లది. రెండు వేర్వేరు సైట్లలో చవక చూసి విడివిడిగా కొంటే, రెండోది పోయినట్టే. విమానం ఎక్కాల్సిన రోజు రైలు విషయంలో ఇది మరీ ముఖ్యం. తిరుగు విమానం ఉన్న ఊరికి ముందురోజే చేరుకోండి.

ఆవకాయ, నెయ్యి తీసుకెళ్లి రైల్లో తినవచ్చా?

రైల్లో సొంత తిండి తినడానికి అడ్డు లేదు. అడ్డు విమానాశ్రయం దగ్గరే. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవారు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి అన్నీ ఆ నిషేధం కిందికే వస్తాయి. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. మామిడికాయ ఆవకాయ, కారప్పొడులు, పులిహోర ముద్ద పట్టుకెళ్లవచ్చు. బహ్రెయిన్ ఖర్జూరం కూడా సరే, పత్రం అక్కర్లేని ఐదు పండ్లలో అదొకటి.

కార్డుతో కట్టేటప్పుడు దినార్లలోనా, యూరోల్లోనా?

మిషన్ అడిగితే యూరో అని నొక్కండి, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంక్. దినార్ ఎంచుకుంటే ఆ దుకాణం వేసిన మారకపు రేటు మీద పడుతుంది, అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కి రైలు మారలేదు. సాయం దొరుకుతుందా?

దొరుకుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు. వీల్‌చైర్, రైలెక్కించడం, దింపడం, ఇంకో ప్లాట్‌ఫారానికి చేర్చడం రైల్వే బాధ్యత. సాధారణంగా 24 గంటల ముందు చెప్పాలి. కొన్ని దేశాలు ఇంకా ముందు అడుగుతాయి కనుక రెండు రోజుల ముందే చెప్పడం క్షేమం. టికెట్ కొన్న రైల్వే సైటులోనే దీనికి అభ్యర్థన ఫారం ఉంటుంది. ప్రతి మార్పిడి స్టేషన్‌నూ అందులో రాయండి, మొదటిదీ చివరిదీ మాత్రమే రాస్తే మధ్యలో ఎవరూ రారు. రైళ్లు మారే చోట కనీసం 30 నిమిషాల వ్యవధి ఉండే రైళ్లనే ఎంచుకోండి.